పాత ట్రంకు పెట్టెలో దొరికిన ఫొటోలు: ఈ తుపాకులు, ఈ మూడు కాళ్ల యంత్రం ఏంటివి?

మూసీగట్టు | సూర్యాపేట
అందరికి నమస్తే. నకిరేకల్ దగ్గర మా నాయనమ్మ వాళ్ల పెంకుటిల్లు విప్పినప్పుడు అటక మీది ట్రంకు పెట్టెల కొన్ని ఫొటోలు దొరికినయ్. అందుల నాలుగు ఇక్కడ పెడుతున్న. ఇంట్ల ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు, ఏది నమ్మాల్నో తెలుస్తలేదు.

ఒకటోది: పొలం గట్టు మీద అయిదుగురు నిలబడ్డరు. ఇద్దరి చేతుల తుపాకులు, ఒకాయన చేతిల కట్టె, ఒకాయన నడుముకు వడిసెల. "ఇది నిజాం, దొరల మీద సాయుధ పోరాటం చేసిన సంఘపోళ్ల దళం, ఎడమ చివర త్రీనాట్‌త్రీ పట్టుకున్నది మన చిన్న తాత" అని ఇంట్ల అంటరు. కట్టె పట్టుకున్నాయన కుడి చివరన ఉన్నడు.

రెండోది: కూలిన వంతెన పక్కన ఇనుప బండి. దాని మీద రెండు సువ్వలు నిలబెట్టి ఉన్నయ్. ముందట ఒక సిపాయి మోకాళ్ల మీద కూసొని చెవికి ఏదో పెట్టుకున్నడు. దీన్ని "నిజాం ట్యాంకు" అంటరు.

మూడోది: గుట్ట మీద ముగ్గురు సిపాయిలు, మూడు కాళ్ల మీద ఒక యంత్రం, ఒకాయన చేతిల పెద్ద తెల్ల జెండా. మా బాబాయి అయితే అది మిషన్‌గన్ అంటడు. తెల్లజెండా ఉన్నది కాబట్టి 1948 సెప్టెంబర్‌ల నిజాం ఫౌజు లొంగిపోయినప్పటి ఫొటో అని గట్టిగ చెప్తడు.

నాలుగోది మా అమ్మమ్మ తరఫుది, కొల్లాపూర్ నుంచి వచ్చి ఇదే పెట్టెల కలిసింది. స్టూడియోల తీసింది. తలపాగ, చేతిల బల్లెం, ఛాతి మీద రెండు బిళ్లలు.

తెలిసినోళ్లు చెప్పుండ్రి.

చెరువుగట్టు | నార్కట్‌పల్లి
తమ్మీ, మస్తు ఫొటోలు. మూడోది లొంగుబాటుదే అనుకుంట. బెజవాడ దిక్కుకెళ్లి వచ్చిన యూనియన్ ఫౌజు, అంటే భారత సైన్యం, కోదాడ, మునగాల, సూర్యాపేట దాటి మా నార్కట్‌పల్లి మీదికెళ్లే పోయింది. ఇక్కడ రజాకార్లతోని పెద్ద కొట్లాట అయింది. తెల్ల జెండా అంత సాఫ్‌గ కనవడుతుంటే ఇంక అనుమానమెందుకు?

దేవరకొండ దుర్గం | దేవరకొండ
అన్నా, జెండా సంగతి జర ఆపుదాం. ఇసువంటి ఫొటోలు చూసేటప్పుడు నేను ఇంట్ల చెప్పే కథ ముందుగాల చదవను. తుపాకిల మందు ఎటు నుంచి నింపుతరు, ఎక్కడ అంటుకుంటది, తూటా ఎక్కడ కూసుంటది, ఇవి చూస్త. పేరు తర్వాత దానంతట అదే తెలుస్తది.

ఒకటో ఫొటోల పొడుగు తుపాకి భర్మార్. గొట్టం కింద సన్నటి గజం కనవడుతున్నది, మూతి నుంచి మందు, రవ్వలు దట్టించే గజం అది. పిడి పైన గుర్రం, అంటే కొట్టే సుత్తి, లేచి ఉన్నది. ఆ గుర్రం వచ్చి టోపీ (నిప్పు పుట్టే చిన్న మూత) మీద కొడితేనే పేలుతది. ఒకసారి పేల్చినంక మళ్ల నింపాలంటే నిలబడి దట్టించాల్సిందే. అడివి పందులను కొట్టనీకి, చేన్లకు కావలి ఉండనీకి మన ఊళ్లల్ల ఇవి చానా ఉండేటియి.

రెండోది త్రీనాట్‌త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ వన్ మార్క్ త్రీ. దీన్ని మూతి కాడ గుర్తు పట్టాలె. గొట్టం బయటికి పొడుచుకొని రాదు, మొద్దుగ తెగ్గొట్టినట్టు ఉంటది, సైటుకు రెండు దిక్కుల చెవులు లేచి ఉంటయ్, కింద బాయ్‌నెట్ తగిలించే చిన్న బొడిపె. దీని తర్వాత వచ్చిన నంబర్ ఫోర్‌ల గొట్టం మూతి బయటికి కనవడుతది, వెనక సైటు గొట్టం మీదికెళ్లి బోల్టు దగ్గరికి జరిగింది. మన దేశంల ఇషాపూర్ ఫ్యాక్టరీ నంబర్ ఫోర్‌కు మారలేదు, నంబర్ వన్నే చేసుకుంట పోయింది. 1907ల వచ్చిన తుపాకి మొదటి ప్రపంచ యుద్ధం ఫొటోలల్ల ఉంటది, 1948 ఫొటోలల్ల ఉంటది, ఆ తర్వాత ఎన్నో ఏండ్లు పోలీసు ఠాణా ఫొటోలల్ల కూడ ఉంటది. దాన్ని పట్టుకొని సంవత్సరం చెప్పొద్దు.

ఇంకో సంగతి కూడ ఉన్నది. త్రీనాట్‌త్రీ బోల్టు పిడి ఎప్పుడూ కుడి దిక్కే ఉంటది. భర్మార్ గుర్రం కూడ కుడి దిక్కే. ఈ ఫొటోల రెండు తుపాకులకు రెండూ ఎడమ దిక్కు ఉన్నయ్. ఒక తుపాకి అట్లుంటే ఏదో ప్రత్యేకం అనుకుందుము. రెండూ అట్ల ఉండుడు కుదరదు. ఫొటోనే తిరగబడి ఉండాలె. పాత స్టూడియో అన్నా, మీరొకసారి చూడుండ్రి.

పాత స్టూడియో | మహబూబ్‌నగర్
చూసిన. తిరగబడ్డదే. అంగీ గుండీలు చూడుండ్రి. మగోళ్ల అంగీకి గుండీలు కుడి పట్టీ మీద ఉంటయ్, కాజాలున్న ఎడమ పట్టీ పైకి వస్తది. ఇక్కడ అంగీ తొడుక్కున్న ఇద్దరికీ ఉల్టా ఉన్నది.

ఇది ఎట్ల అయితదంటే, నెగెటివ్‌కు ఒక దిక్కు మందు పూత ఉంటది, ఒక దిక్కు నున్నగ మెరుస్తది. ఎన్‌లార్జర్‌ల, అంటే బొమ్మను పెద్దగ చేసి కాయితం మీద వేసే యంత్రంల, పెట్టేటప్పుడు పూత దిక్కు కిందికి, కాయితం వైపు ఉండాలె. తొందర్ల తిప్పి పెడితే మనిషి అద్దంల కనవడ్డట్టు వస్తడు. బోర్డులు, అక్షరాలు ఫొటోల ఉంటే ఎవరన్న పసిగడుతరు. పొలం గట్టు ఫొటోల ఎవరు చూస్తరు? గాజు పలకను నేరుగ కాయితం మీద పెట్టి అచ్చేసే పాత పద్ధతిల అయితే, తిప్పి పెట్టినప్పుడు నడుమ గాజు మందం అడ్డమొచ్చి బొమ్మ కొంచెం మసకగ పడుతది. ఈ ఫొటో మాత్రం మంచి పదునుగ ఉన్నది. కాబట్టి ఎన్‌లార్జర్‌ల తీసిన ప్రింటే అయుంటది. తమ్మీ, వెనక దిక్కు ఏమన్న ముద్ర ఉన్నదా?

మూసీగట్టు | సూర్యాపేట
వెనక నల్లగొండ స్టూడియో ముద్ర ఉన్నది, పేరు సగం చెరిగింది. పెన్సిల్‌తోని "కాపీ" అని రాసి ఉన్నది. అంటే అసలు ఫొటో వేరే ఉండె, అది చూసి మళ్ల తీయించినట్టే కదా?

అయితే ఒక అనుమానం. ఎడమ చివర ఉన్నది చిన్న తాత అని అందరం అనుకుంటున్నం. తిరగబడ్డది అంటే ఆయన కుడి చివరకు పోతడా?

పాత స్టూడియో | మహబూబ్‌నగర్
అది ఎట్ల గుర్తు పట్టిన్రు అన్నదాని మీద ఉంటది. ఎవరన్న ఈ ప్రింటు చూసి, మొహం చూసి చెప్పి ఉంటే మనిషి మారడు. ప్రింటు చూడకుంట "మావోడు ఎడమ చివర నిలబడ్డడు" అని నోటితోని చెప్పిన మాట మీ దాక వచ్చి ఉంటే, అప్పుడు ఈ ప్రింటుల ఆయన కుడి చివరన ఉంటడు. ఇంట్ల పెద్దోళ్లు ఎవరన్న ఉంటే మొహం చూపిచ్చి అడుగు. వరుస చెప్పి అడగకు.

సిగ్నల్స్ సుబేదార్ | పాలమూరు
నేను కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో చేసి వచ్చినవాడిని. రెండో ఫొటో గురించి చెప్తా.

ముందు బండి. చక్రాలు ఉన్నయ్, ఇనుప పట్టాలు లేవు. కాబట్టి ట్యాంకు కాదు, ఆర్మర్డ్ కార్. నాలుగు చక్రాలు, మీద తిరిగే బురుజు. ముందు భాగం ఏటవాలుగా పోయే తీరు చూస్తే బ్రిటన్ తయారీ హంబర్ లాగ ఉంది. స్టాగ్‌హౌండ్ అని అమెరికా తయారీ బండి ఇంకోటి ఉండేది, అది ఇంతకన్నా చాలా పెద్దది, బరువైనది. సూర్యాపేట రోడ్డు మీద ఈ రెండు రకాలకూ అవకాశం ఉంది. 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం బెజవాడ వైపు నుంచి వచ్చినప్పుడు ఎదురు నిలిచిన నిజాం దళం హైదరాబాద్ లాన్సర్స్ దగ్గర హంబర్లు, స్టాగ్‌హౌండ్లు రెండూ ఉన్నయ్. ఆ రోజు పొద్దున్నే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల యూనియన్ వాళ్ల చేతికి వచ్చినయ్. వెనక్కి తగ్గిన నిజాం సైన్యం మూసీ మీది వంతెన కూల్చింది, కానీ దాన్ని కాపాడేందుకు కాల్పులు జరపకపోవడంతో యూనియన్ వాళ్లు తొందరగానే బాగు చేసుకున్నారు. మీ ఫొటోలో కూలిన వంతెన అదే అయితే ఇది నిజాం వాళ్లు వదిలిపోయిన బండి కూడా కావచ్చు, యూనియన్ వాళ్లు పట్టుకున్నదీ కావచ్చు. మడ్‌గార్డ్ మీద రంగు చదరంలో ఒక నంబరు, ఒక గుర్తు ఉంటాయి. ఎవరి బండి అన్నది అవే చెప్తాయి. ఆ మూల మాత్రం పెద్దగా స్కాన్ చేసి పెట్టు బాబూ.

ఆ రెండు సువ్వలు వైర్‌లెస్ ఏరియల్స్. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అట్లా జతగా ఉంటే లోపల నంబర్ 19 వైర్‌లెస్ సెట్ ఉందని అర్థం. పొడుగుది అందులోని 'ఏ' (A) సెట్‌కు, కొన్ని మైళ్ల దూరం మాట్లాడటానికి. పొట్టిది 'బీ' (B) సెట్‌కు, పక్క బండ్లతో వెయ్యి గజాల లోపు మాట్లాడటానికి. కెనడాలో చేసిన 19 సెట్ ముందు పలక మీద ఇంగ్లీషుతో పాటు రష్యన్ అక్షరాలు కూడా ఉంటాయి, యుద్ధంలో సోవియట్‌కు పంపడానికి చేసినవి గనక. ఎవరి ఇంట్లోనైనా పాత 19 సెట్ ముక్క కనపడి, దాని మీద రష్యన్ అక్షరాలు చూసి "రష్యా వాళ్లు మన దళాలకు పంపిన రేడియో" అని కథ అల్లితే నమ్మకండి.

ఇక మోకాళ్ల మీద కూచున్న సిపాయి. అతని దగ్గరున్నది వైర్‌లెస్ కాదు. పక్కన పెట్టె, పెట్టె పక్కన తిప్పే పిడి, అక్కడి నుంచి నేల మీద పాకిన నల్లటి తీగ. ఫీల్డ్ టెలిఫోన్. తీగ గడ్డిలో ఎటు పోయిందో కూడా కనపడుతోంది. తీగ పరిచారంటే వాళ్లు అక్కడ కొంతసేపు ఆగారన్న మాట. పరుగు మీదున్న దళం తీగ పరవదు. వంతెన బాగయ్యేదాకా ఆగిన దళమేమో అని నా మనసుకు తోస్తుంది.

దేవరకొండ దుర్గం | దేవరకొండ
సుబేదార్ సాబ్, బండి వెనక నిలబడ్డ మనిషి భుజం మీద ఉన్నది చూసిన్రా? మీదికెళ్లి వంగిన మ్యాగజైన్. అందరూ చూడంగనే బ్రెన్ లైట్ మిషన్‌గన్ అంటరు. అయ్యుండొచ్చు కూడ. కని భారత సైన్యం బ్రెన్ కంటే ముందు 1930లల్ల వికర్స్-బెర్తియర్ తీసుకున్నది, ఇషాపూర్‌లనే చేసింది. దానికి కూడ మ్యాగజైన్ పైనే, వంగే ఉంటది. ఈ దూరం నుంచి రెంటికీ తేడా చెప్పలేం. "పైన మ్యాగజైన్ ఉన్న లైట్ మిషన్‌గన్" అని రాసుకుంటె సరిపోతది. మ్యాగజైన్ ఎడమ పక్కకు అడ్డంగ పొడుచుకొని ఉంటే మాత్రం అది స్టెన్ అనే చిన్న చేతి మిషన్‌గన్.

చెరువుగట్టు | నార్కట్‌పల్లి
సరే, రెండోది ఒప్పుకున్న. మరి మూడోది? మూడు కాళ్లున్నయ్, మిషన్‌గన్‌కు మూడు కాళ్లుంటయ్ గద?

నందికొండ ఓవర్సీర్ | నాగార్జునసాగర్
నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన వాణ్ణి. మూడు కాళ్లు ఉన్నవన్నీ మిషన్‌గన్లు కావు. వికర్స్ మిషన్‌గన్ కాళ్లు పొట్టిగా, ఇనుపవి, నేలకు కరుచుకొని ఉంటాయి. కూచొని పేల్చాలి కదా. ఈ ఫొటోలో కాళ్లు కర్రవి, నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున ఉన్నాయి. ఇది సర్వే స్టాండు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేసిన నాటి నుంచి మా నందికొండ ఫొటోలన్నింటిలోనూ ఇలాంటివే ఉంటాయి: లెవెల్, థియోడొలైట్, ప్లేన్ టేబుల్ లాంటి కొలత పరికరాలు. నా అభిప్రాయంలో వీళ్లు సర్వే వాళ్లు. జెండా కూడా సర్వేలో దూరం నుంచి గురి చూడటానికి వాడేదే. మన పాలమూరు వైపు దామరగిద్దలో, దేశాన్ని కొలిచే మహా సర్వే మొదలుపెట్టిన ఆంగ్లేయ అధికారి లాంబ్టన్ కాలం నాటి స్టేషన్ ఉండేది కూడా.

ఆలంపూర్ అక్క | ఆలంపూర్
ఓవర్సీర్ గారూ, ఒక్క మాట. లాంబ్టన్ ఆర్క్‌లోని, అంటే ఆయన దక్షిణం నుంచి ఉత్తరానికి కొలిచిన గీత మీది, దామరగిద్ద స్టేషన్ అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాలు. అంటే బీదర్ పక్కన. నారాయణపేట జిల్లాలోని మన దామరగిద్ద దానికి చాలా దక్షిణాన, 17 డిగ్రీల కంటే కిందనే ఉంది. పేరు ఒకటే గానీ ఊరు వేరు. పాత సర్వే ఫొటోలు పాలమూరువి అని అమ్మకానికి వచ్చినప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి.

సిగ్నల్స్ సుబేదార్ | పాలమూరు
ఓవర్సీర్ గారు కాళ్ల గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మిషన్‌గన్ అసలే కాదు. కానీ సర్వే కూడా కాదనుకుంటున్నా. మనుషులు ఏం చేస్తున్నారో చూడండి. ఒకాయన యంత్రం వెనక నిలబడి చెయ్యి దాని మీద పెట్టాడు. రెండో ఆయన చేతిలో పలక, పెన్సిల్. మూడో ఆయనదే జెండా. ఒకరు పంపటం, ఒకరు రాసుకోవటం. ఇది సిగ్నల్ స్టేషన్ పద్ధతి.

యంత్రం పైభాగం గుండ్రంగా ఉంది కదా, అది అద్దం. నా లెక్కన హీలియోగ్రాఫ్. 1869లో హెన్రీ మాన్స్ అనే ఇంజినీరు తయారు చేశాడు. ఎండను అద్దంతో పట్టి దూరపు గుట్ట మీదికి మెరుపు పంపుతారు. వెనక ఒక చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే అద్దం వెంట్రుక వాసి వంగి మెరుపు అవతలి వాళ్ల కళ్లలో పడుతుంది, వదిలితే తప్పుకుంటుంది. పొట్టి మెరుపు, పొడుగు మెరుపు, అదే మోర్స్ సంకేత లిపి. అయిదంగుళాల అద్దంతో మామూలు ఎండలో 30 మైళ్లు అందుతుంది. సూర్యుడు వీపు వెనక ఉంటే ఇంకో అద్దం బిగించి ఎండను మళ్లించుకుంటారు. తీగ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, మధ్యలో ఎవడూ కోసేసేది లేదు. మబ్బు పడితే మాత్రం ఏమీ లేదు, రాత్రికి నూనె దీపాలు పెట్టుకోవాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఇది పనిలో ఉంది.

సర్వే వాళ్లకూ అద్దం యంత్రం ఉండేది, హీలియోట్రోప్ అనేవాళ్లు. అది స్థిరంగా వెలుగు చూపడానికే, దానికి మీట ఉండదు. మీట కనపడిందా లేదా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. ఇంకో గుర్తు: హీలియోగ్రాఫ్ అద్దం సరిగ్గా నడుమ వేప గింజంత చోట వెనక పూత ఉండదు. గురి చూసుకోవడానికి. అద్దం మీద వెలుగు పడ్డ ఫొటోలో అది నల్ల చుక్కగా కనపడుతుంది.

జెండా గురించి కూడా చెప్తాను. రెండు చిన్న జెండాలు రెండు చేతుల్లో ఉంటే సెమఫోర్, అంటే చేతులు ఉంచిన తీరే అక్షరం. ఒకే పెద్ద జెండా, మనిషంత కర్రకు, రెండు చేతులతో పట్టుకుంటే మోర్స్ జెండా. చిన్న ఊపు చుక్క, పెద్ద ఊపు గీత. మూడడుగుల చదరం. వెనక కొండ నల్లగా ఉంటే తెల్లది నీలం పట్టీతో, వెనక ఆకాశం ఉంటే ముదురు నీలంది వాడేవాళ్లు. ఈ మనిషి వెనక ఉన్నది ఆకాశం, కాబట్టి అది నీలం జెండా అయుండాలి.

చెరువుగట్టు | నార్కట్‌పల్లి
సుబేదార్ సాబ్, జెండా తెల్లగ ఉన్నది గద, నీలం కాదు. ఫొటోల తెలుపు ఎట్ల వస్తది మరి?

పాత స్టూడియో | మహబూబ్‌నగర్
వస్తది అన్నా. అదే అసలు కిటుకు. పాత ప్లేట్లు, పాత ఫిల్ములు అన్ని రంగులను ఒక్క తీరుగ పట్టవు. మొదటి కాలం ప్లేట్లకు నీలం ఒక్కటే బాగ తగిలేది. తర్వాత వచ్చిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఆకుపచ్చను కూడ పడుతది గని ఎరుపును పట్టదు. అందుకే నీలం గుడ్డ పాలిపోయి తెల్లగ వస్తది, ఎర్ర గుడ్డ నల్లగ వస్తది. డార్క్‌రూముల ఎర్ర బల్బు పెట్టుకొని పనిచేసేది అందుకే. పాత ఫొటోలల్ల ఆకాశం ఎప్పుడూ తెల్లటి పలక లెక్క, మబ్బు లేకుంట ఎందుకుంటదనుకున్నవ్? ఆ ఆకాశం ముందట ఉన్న నీలం జెండా కూడ దానితోనే తేలిపోతది. ఈ ఫొటోల పెదవులు చూడు, తాంబూలం వేసుకున్నట్టు నల్లగ ఉన్నయ్. ఎరుపు పట్టని ఫిల్ము అని అది చెప్తుంది. కాబట్టి ఈ కాలపు ఫొటోల రంగు చూసి జెండా ఏ పార్టీది, లొంగుబాటుదా కాదా అని చెప్పుడు తప్పు. తెల్ల జెండాను నమ్మొద్దు, నల్ల జెండాను అసలే నమ్మొద్దు.

తమ్మీ, ఫోన్‌తోని తీసిన బొమ్మ సాలదు. ఆ ఫొటో ఒక్కటి 1200 డీపీఐల స్కాన్ చేయించు. షాపుల అడిగితే చేస్తరు. తడిగుడ్డతోని తుడవకు, టేపు పెట్టకు. అట్ట నుంచి ఫొటోను పీకకు, అట్ట కూడ సాక్ష్యమే.

ఆలంపూర్ అక్క | ఆలంపూర్
నాలుగో ఫొటో నేను తీసుకుంటాను. బల్లెం పట్టుకున్నంత మాత్రాన సంస్థానం సవారు అనుకోవద్దు. కొల్లాపూర్, వనపర్తి, గద్వాల సంస్థానాలకు సొంత బలగాలు ఉండేవన్నది నిజమే. వనపర్తి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్లతో గుర్రపు దళం పెట్టారు. 1866లో ఆయన పోయాక అది నిజాం బలగంలో కలిసింది, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) అన్న పేట పేరు వాళ్ల వల్లనే. అయితే మీ ఫొటోలో ఆయన ఛాతీ మీద రెండు బిళ్లలు, రెంటికీ రిబ్బన్లు ఉన్నాయి. సంస్థానం వాళ్లు ఇలాంటివి ఇచ్చేది తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లు జతగా ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అయ్యే అవకాశం ఎక్కువ. నిజాం గుర్రపు దళం హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్ ఆ యుద్ధంలో మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడ్‌లో ఈజిప్ట్, పాలస్తీనా దాకా వెళ్లారు. 1918 సెప్టెంబర్ 23న హైఫాను పట్టుకున్న బ్రిగేడ్ అదే. ఊరి మీదికి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్‌ది.

ఊహలతో ఆగక్కర్లేదు. ఆ రెండు బిళ్లలకూ అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. బిళ్లలు ఇంట్లో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. ఆడవాళ్ల నగల పెట్టెల్లో, పూజ గదిలో కూడా చూడండి, వెండి అని దాచి ఉంటారు. వార్ మెడల్ నిజంగా వెండిదే.

ఇంకొక జాగ్రత్త. భుజం మీద "హైదరాబాద్" అని ఇంగ్లీషులో అక్షరాలు కనపడితే వెంటనే నిజాం సైన్యం అనేస్తారు. బ్రిటిష్ ఇండియా సైన్యంలోనే 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఒకటి ఉండేది. 1945లో దాని పేరు కుమావ్ రెజిమెంట్‌గా మార్చారు. నిజాం సొంత సైన్యం వేరు.

చెరువుగట్టు | నార్కట్‌పల్లి
అక్కా, మరి ఒకటో ఫొటో దళందా, రజాకార్లదా అన్నది తుపాకులు చూసి చెప్పరాదా? త్రీనాట్‌త్రీ ఉన్నదంటే సర్కారు మనుషులే అయుండాలె కద.

ఆలంపూర్ అక్క | ఆలంపూర్
చెప్పలేం తమ్ముడూ. నల్లగొండ ఫొటోల్లో అందరూ పడే గుంత ఇదే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు సంఘం వాళ్ల చేతుల్లో ఉన్నవి కట్టెలు, వడిసెలలు. తర్వాత ఊళ్లలో దేశ్‌ముఖుల ఇళ్ల నుంచి, పోలీసుల నుంచి, రజాకార్ల నుంచి తుపాకులు గుంజుకున్నారు. దళాల నుంచి పోలీసులు మళ్లీ పట్టుకున్నారు. ఒకే తుపాకి రెండు మూడేళ్లలో నాలుగు పక్షాల చేతులు మారి ఉండొచ్చు. పట్టుబడ్డ తుపాకుల ముందు పోలీసులే నిలబడి తీయించుకున్న ఫొటోలు కూడా ఉంటాయి. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా ఇదే నడిచింది. తుపాకి కాలం గురించి కొంత చెప్తుంది, పట్టుకున్న మనిషి ఏ పక్షమో చెప్పదు. ఆ సంగతి మనుషులను అడిగి, ఊరి కాగితాలు చూసి తెలుసుకోవాలి. ఒక మనిషిని రజాకార్ అనో, దళం మనిషి అనో ముద్ర వేస్తే ఆ ఇంటి మనవలు మోయాల్సి వస్తుంది. అందుకే తొందర వద్దు.

మూసీగట్టు | సూర్యాపేట
స్కాన్లు వచ్చినయ్, పెడుతున్న.

మూడో ఫొటో పెద్దగ చేసి చూస్తే అద్దం నడుమ నల్ల చుక్క సాఫ్‌గ ఉన్నది. అద్దం వెనక దిక్కు ఆయన చెయ్యి కింద సన్నటి మీట లాంటిది కూడ కనవడుతుంది. జెండా నడుమ పట్టీ ఏమీ లేదు, మొత్తం ఒకటే రంగు. వాళ్ల కాళ్లకు గుడ్డ పట్టీలు చుట్టి ఉన్నయ్.

రెండో ఫొటోల మడ్‌గార్డ్ మీద రంగు రాలిపోయి నంబరు సగమే కనవడుతుంది, చదవరాలె.

ఒకటో ఫొటోను తిప్పి ప్రింటు తీయించి మా నాయనమ్మకు చూపిచ్చిన. ఆమెకు కండ్లు కొంచెం మసక గని, పెద్దగ చేసి చూపిచ్చిన. పేర్లు చెప్పకుంట, వరుస చెప్పకుంట "వీళ్లల్ల మనోళ్లు ఎవరు" అని అడిగిన. కట్టె పట్టుకున్నాయన మీద వేలు పెట్టింది. "గీయన మా మరిది, చెవు చూడు, మీ నాయనకు గూడ గట్లనే ఉండె" అన్నది. తుపాకి పట్టుకున్నాయన ఎవరో ఆమెకు తెల్వదు. మా తాత బతికున్నప్పుడు "మావోడు ఎడమ చివర" అని చెప్తుండెనట, ఆ మాట పట్టుకొని మేం ఉల్టా ప్రింటుల తుపాకి మనిషిని తాత అనుకున్నం. ఇన్నేండ్లల్ల ఆమెకు ఈ ఫొటో చూపిచ్చి అడిగినోళ్లే లేరు.

దేవరకొండ దుర్గం | దేవరకొండ
మంచి పని చేసినవ్ తమ్మీ. కొత్త స్కాన్‌ల ఆ త్రీనాట్‌త్రీ ముందు కొయ్య చూడు. తీగ చుట్లు పట్టీలు పట్టీలుగ, సమానంగ చుట్టి ఉన్నయ్. పగిలిన కొయ్యకు ఊళ్ల కట్టిన కట్టు అయితే అంత వరుసగ రాదు. మూతికి గిన్నె బిగించి గ్రెనేడ్ విసిరే తుపాకులకు ఫౌజు ఆర్మరర్లు ఇట్లనే చుట్టేటోళ్లు, ఆ అదురుకు కొయ్య పగలకుంట. అంటే ఈ తుపాకి ఒకప్పుడు ఫౌజు లెక్కల ఉన్నది. ఫౌజు నుంచి ఈ పొలం గట్టు మీదికి ఎట్ల వచ్చిందన్నది అక్క చెప్పినట్టు తుపాకి చెప్పదు.

ఇంకో మాట. ఇల్లు విప్పినప్పుడు ఫొటోలే కాకుంట భర్మార్ గొట్టమో, తూటాలో దొరికితే గీకి, తుడిచి చూడొద్దు. పాత భర్మార్‌కు కూడ లైసెన్సు కావాలె. ముట్టుకోకుంట ఠాణాల చెప్పుండ్రి. పాత మందు ఎన్నేండ్లయినా నమ్మరాదు.

సిగ్నల్స్ సుబేదార్ | పాలమూరు
చుక్క ఉంది, మీట ఉంది. మూడోది హీలియోగ్రాఫ్ స్టేషన్, సందేహం లేదు. ఓవర్సీర్ గారూ, మీరేమంటారు?

నందికొండ ఓవర్సీర్ | నాగార్జునసాగర్
మీట నేనూ చూశాను. సర్వే పరికరానికి అక్కడ మీటతో పని లేదు. మీరన్నది సరైనదే.

మూసీగట్టు | సూర్యాపేట
అయితే ఫొటోల వెనక ఏం రాయమంటరు? పెన్నుతోని రాయొచ్చునా?

ఆలంపూర్ అక్క | ఆలంపూర్
పెన్ను వద్దు, సిరా దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా రాయండి. ఇంకా మంచిది వేరే కాగితం మీద రాసి కవర్లో జత చేయడం. చూసింది, విన్నది కలపకుండా వేరు వేరుగా రాయండి. ఒకటో దానికి ఇలా: "తిరగబడిన కాపీ ప్రింటు. ఒక భర్మార్, ఒక లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ వన్. కట్టె పట్టుకున్నది చిన్న తాత, మొహం చూసి చెప్పింది నాయనమ్మ. సంఘం దళం అని ఇంట్లో మాట." చివరి రెంటికీ ఎవరు చెప్పారు, ఏ సంవత్సరం చెప్పారు అన్నది కూడా ఉండాలి. మూడో దానికి "హీలియోగ్రాఫ్, మోర్స్ జెండా, ముగ్గురు సిగ్నలర్లు" అని చాలు. 1948 అని రాయొద్దు. మిగిలిన ముగ్గురి మొహాలు కూడా నాయనమ్మకు ఒక్కొక్కటి విడిగా పెద్దగా చేసి చూపించండి, ఆమె చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి.

మూసీగట్టు | సూర్యాపేట
ఆదివారం పోతున్న అక్కా. కొల్లాపూర్‌కు కూడ ఫోన్ చేసిన, బిళ్లల సంగతి అడిగిన. మా మేనత్త వెతుకుతా అన్నది. దొరికితే అంచు మీది అక్షరాలు ఫొటో తీసి ఇక్కడనే పెడుత.